మా ఊరి బంజరు తల

మనిషి తలమీద జుట్టు ఎంత పెరగాలన్నది పైవాడి ఇష్టమని ఇంతకాలం నమ్ముతూ వచ్చాను. కాదట. ఆ అధికారం జిల్లా కేంద్రంలో రెండో అంతస్తులో ఉన్న ఒక ఆఫీసుకి ఉందట. ఈ సంగతి నాకు ఏడుకొండలు సెలూన్లో బల్లమీద కూర్చుని, ఊరికే దొరికే పేపరు చదువుతుండగా తెలిసింది. పేపర్లో రాలేదు, జీపులో వచ్చింది.

ముందు ఏడుకొండలు సంగతి చెప్పాలి. మా వెలగలమెరకలో పంచాయతీ ఆఫీసుని ఆనుకుని ఒక గది ఉంది. గది పంచాయతీది. అందులో రెండు కుర్చీలు, ఒక అద్దం, గోడకి మేకు, మేకుకి గుడ్డసంచిలో సన్నాయి. పొద్దుటిపూట కత్తెర ఆడుతుంది. భోంచేసి వచ్చాక కత్తెర పడుకుంటుంది, సన్నాయి లేస్తుంది. వాళ్ళ నాన్న రోజుల్లోనూ అంతే, తాత రోజుల్లోనూ అంతే. ఏడుకొండలు సన్నాయి మోగకపోతే మూడుముళ్ళు గట్టిగా బిగుసుకోవని మా ఆడవాళ్ళ నమ్మకం. ఒకసారి ఆనందభైరవి వాయిస్తుంటే కాలవలో ఖాళీ పడవ ఎదురునీటికి దానంతటదే నడిచి వచ్చింది. నమ్మనివాళ్ళు వెళ్ళి పడవని అడగొచ్చు, ఇంకా రేవులోనే కట్టేసి ఉంది.

నా మటుకు నాకు తలమీద వెంట్రుక అన్నది పెళ్ళయిన ఏడాదికే సెలవు పుచ్చుకుంది. నేను సెలూన్‌కి వెళ్ళేది గెడ్డం కోసమని పేరు, మధ్యాహ్నం సన్నాయి కోసమన్నది నిజం.

ఆ జీపులోంచి దిగినాయన పేరు శశిభూషణ్. కుర్రవాడే. హోదా మాత్రం చిరువ్యాపార ఊర్ధ్వగతి ప్రేరణాధికారి. మెడ దాటి భుజాల మీద పడే జుట్టు, గుండెల మీదికి దిగిన గెడ్డం. ఏడుకొండలు ఆ జుట్టుని చూసి, పండిన చేను చూసిన రైతులాగ నిలబడిపోయాడు.

ఆయన తెచ్చిన పథకం పేరు సిరిసోపానం. దాని సారాంశం నాకర్థమైనంతలో ఇది: ఇకమీదట ఏ చిన్న దుకాణమూ ఉన్నట్టు ఉండకూడదు. ప్రతివాడూ ఒక లక్ష్యం పెట్టుకోవాలి. లక్ష్యానికి మెట్లు కట్టుకోవాలి. కట్టుకున్న మెట్లు ఎక్కాలి. ఎక్కనివాడు ప్రభుత్వ గదిలో ఉంటే, ఖాళీ చేసి ఎక్కేవాడికి ఇవ్వాలి.

"నీ దార్శనిక ప్రకటన ఏమిటి?" అని అడిగాడు శశిభూషణ్, కలం తెరిచి.

ఏడుకొండలు నా వంక చూశాడు.

"జీవితంలో నీక్కావలసిందేమిటని అడుగుతున్నారోయ్," అన్నాను.

"అదాండీ! మజ్జానంపూట కాసేపు సన్నాయి వాయించుకోవాలండి. ఇప్పుడు వాయించుకుంటన్నానండి."

"అయిదేళ్ళ తరవాత నువ్వెక్కడ ఉండదలిచావు?"

"ఇక్కడేనండి."

"పదేళ్ళ తరవాత?"

"నూకలుంటే ఇక్కడేనండి."

శశిభూషణ్ కలం మూశాడు. "ఇక్కడే అన్నది లక్ష్యం నిర్వచనంలోకి రాదు. దాన్ని స్తబ్ధత అంటారు. స్తబ్ధత నేరం కాదు గాని, ప్రోత్సహించదగని స్థితి. ఈ గదికి ఇప్పటికే ఒకరు దరఖాస్తు పెట్టి ఉన్నారు. ఫోన్లకి తొడుగులు అమ్ముతారట. మొదటి ఏడాది మండలం, రెండో ఏడాది రాష్ట్రం, మూడో ఏడాది ఆసియా ఖండం అని రాశారు. అదీ స్పష్టత!"

ఏడుకొండలు గది నాలుగు గోడలూ చూసుకున్నాడు. "ఇందులో ఆసియా పడుద్దాండీ?"

"అది వారి సమస్య. నీ సమస్య నువ్వు చూసుకో."

అప్పటిదాకా నవ్వుతున్నవాడి మొహం చిన్నబోయింది. "కత్తెరదేముందండి, అరుగు మీదైనా ఆడుద్ది. సన్నాయి అలా కాదండి. ఈ గోడలు మా నాన్న ఊదింది విన్నాయండి. నేను తప్పు వాయిత్తే ఇవే చెప్తాయండి. గది మటుకు తియ్యకండి బాబూ. ఏ లచ్యం కావాలంటే అది రాసేసుకోండి."

అధికారులకి ఇంతకన్నా తీపి మాట ఉండదు. రాసేసుకున్నాడు. వచ్చే దసరాలోగా క్షౌరాలు రెట్టింపు కావాలి. దసరా వెళ్ళిన మరుసటి బుధవారం ఆ పథకం డైరెక్టరు గారు స్వయంగా వచ్చి చూస్తారు. అయితే గది ఏడుకొండలుది, కాకపోతే ఆసియాది.

* * *

మొదటి మెట్టు పేరు ముడిసరుకు లభ్యతా సర్వే. శశిభూషణ్ టేపు పుచ్చుకుని ఇంటింటికీ తిరిగి మగవాళ్ళ తలలు కొలిచాడు. ఒత్తుగా ఉన్న తల మాగాణి. పలచగా ఉన్నది మెట్ట. నడినెత్తిన పోయి చుట్టూ మిగిలింది లంకభూమి. తాతారావు అని మా ఊళ్ళో ఆటో నడిపే కుర్రాడున్నాడు, వాడి భార్యకి అయిదో నెల. ఇల్లాలు కడుపుతో ఉండగా మొగుడు తలా గెడ్డం ముట్టుకోనివ్వకూడదని మా దగ్గర పట్టింపు కదా, వాడు ఆటోలో కూర్చుంటే లోపల మనిషున్నాడా, గడ్డిమోపు ఉందా తెలిసేది కాదు. వాడి తలకి ఎదురుగా గోదాము అని రాసుకున్నాడు.

చివరికి నా దగ్గరికొచ్చి తువ్వాలు తియ్యమన్నాడు. తీశాను. సూర్యుడు ఒక్కసారి నా తలమీద పడి ఆయన కళ్ళజోట్లోకి ఎగిరాడు.

"ఇది ఎప్పటినుంచి ఇలా ఉంది?"

"మీ నాన్నగారు లాగులు తొడుక్కునే నాటినుంచి బాబూ."

"పునరుద్ధరణకి అవకాశం?"

"దేవుడికి అర్జీ పెట్టుకున్నాం. ఇంకా విచారణలో ఉంది."

సాగుకు పనికిరాని బంజరు అని రాసి, నా చేత వేలిముద్ర వేయించుకోబోయాడు. నాకు సంతకం వచ్చు. ఏడుకొండలు భార్య గవరమ్మ మొగుడికి క్యారేజీ తెచ్చి గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తోంది. "పోన్లెండి మావయ్యగారూ," అంది, "ఇంటి దగ్గర అత్తయ్యగారు ఎప్పట్నుంచో అంటన్న మాటే. ఇప్పుడు గౌర్మెంటోళ్ళు కూడా రాసిచ్చేరు."

రెండో మెట్టు పోటీదారుల విశ్లేషణ. "నీ వ్యాపారానికి ప్రధాన పోటీ ఎవరు?" అని అడిగాడు శశిభూషణ్.

"ఎవరూ లేరండి. ఎప్పుడైనా మొక్కులున్నోళ్ళు కొండకెళ్ళి గుండు చేయించుకొత్తారండి, అంతే."

శశిభూషణ్ కళ్ళు మెరిశాయి. ప్రధాన పోటీదారు: కొండమీది స్వామి. బలాలు: ప్రచారం అక్కర్లేదు, ఖాతాదారులే దారి ఖర్చులు పెట్టుకుని వస్తారు, బాగా చెయ్యలేదని ఎవరూ ఫిర్యాదు చెయ్యరు. బలహీనత: దూరం. ఇదంతా రాసి, పంచాయతీ గోడకి ఒక బోర్డు కట్టించాడు. మన ఊరి వెంట్రుక మన ఊళ్ళోనే అని. ఆ స్వామి పేరే పెట్టుకున్న ఏడుకొండలు ఆ రోజంతా చెంపలు వేసుకుంటూనే ఉన్నాడు.

మూడో మెట్టు అవరోధాల తొలగింపు. మంగళవారం మా ఊళ్ళో ఎవరూ తలకి కత్తెర తగలనివ్వరు. అమావాస్యనాడు అంతే. పుట్టినరోజున అంతే. ఇక తాతారావులాంటి వాళ్ళు తొమ్మిది నెలలూ అంతే.

"ఇది ఉత్పాదకతా నష్టం," అన్నాడు శశిభూషణ్ తాతారావుని పిలిపించి. "ప్రసవానికీ క్షౌరానికీ సంబంధమేమిటి? ఇంత చదువుకున్న కాలంలో ఈ మూఢనమ్మకమేమిటి?"

"మా అత్తకి చెప్పండి సార్," అన్నాడు తాతారావు గెడ్డంలోంచి. "ఆవిడ ఒప్పుకుంటే ఇప్పుడే గీయించేసుకుంటా."

శశిభూషణ్ వెళ్ళాడు. వెళ్ళినంత వేగంగానూ తిరిగొచ్చాడు. ఆవిడ ఏమందో చెప్పలేదు గాని, చొక్కామీద పేడనీళ్ళు ఉన్నాయి.

"అది సరే గాని బాబూ," అన్నాను నేను, "తమరి జుట్టు మాటేమిటి? ఊరికి చెప్పేముందు తమరే ముహూర్తం పెడితే..."

"అది వ్యక్తిగతం," అన్నాడు, గెడ్డం నిమురుకుంటూ.

* * *

నాలుగో మెట్టుతో అసలు కష్టాలు మొదలయ్యాయి. ఆ మెట్టు పేరు వినియోగ తరచుదనం. మామూలుగా నెలకో రెండు నెలలకో వచ్చేవాణ్ణి వారానికోసారి రప్పించాలి. పంచాయతీ చేత తీర్మానం చేయించారు. కుళాయికైనా, కులధ్రువపత్రానికైనా, ఎడ్లబండికి నంబరు పలకకైనా క్షౌర ధ్రువపత్రం జతచెయ్యాలని. జనం వచ్చి పడ్డారు. నిన్న చేయించుకున్నవాడు ఇవాళ మళ్ళీ వచ్చి కూర్చుంటే, కత్తెర గాలిలో ఆడించి పంపించడం తప్ప ఏడుకొండలు చేసేదేముంది? గాలి క్షౌరాలు లెక్కకి రావని శశిభూషణ్ ఒక తాఖీదు ఇచ్చాడు. కనీసం కొంతైనా నేలమీద రాలాలట.

పొద్దుట మొదలెడితే దీపాలవేళ దాకా కత్తెరే. మధ్యాహ్నం అన్నం కుర్చీలో కూర్చున్నవాడి భుజం మీంచే తినేవాడు. సన్నాయి మేకుకే ఉండిపోయింది. దాని గొట్టంలో సాలీడు ఒకటి చేరి సంసారం పెట్టింది. నేను రోజూ బల్లమీద కూర్చునేవాణ్ణి. పేపరు అయిపోయేది, ప్రకటనలు అయిపోయేవి, వినడానికి మాత్రం టకటక తప్ప ఏమీ ఉండేది కాదు.

ఆ శ్రావణంలో పక్కూరి పెళ్ళికి ఏడుకొండలు సన్నాయి తీసుకెళ్ళాడు. మాంగల్యధారణ వేళకి వేళ్ళు పెట్టేసరికి అవి కత్తెర అలవాటులో టకటకా ఆడాయి. రాగం ముక్కలు ముక్కలుగా తెగి పెళ్ళిపందిట్లో పడింది. ముందు వరసలో కూర్చున్న ముసలాయన ఒడిలో కాంభోజి ముక్క ఒకటి పడితే, ఆయన జేబులో వేసుకుని ఇంటికి తీసుకెళ్ళాడు కూడాను.

తిరిగొచ్చి ఏడుకొండలు సెలూన్లో గోడకి ఆనుకుని కూర్చున్నాడు. "బాబాయిగారండీ," అన్నాడు, "గది కోసం లచ్యం పెట్టుకున్నాను. సన్నాయి కోసం గది అడిగేను. ఇప్పుడు లచ్యం ఉంది, గది ఉంది. సన్నాయే లేదండి."

"అయితే వదిలెయ్. ఆసియా వాడికే ఇచ్చెయ్."

"ఇచ్చేత్తే గోడలుండవు కదండీ."

నాకేం తోచలేదు. బంజరు తల కదా, అందులో ఆలోచనలు కూడా మొలవవు.

భాద్రపదం వచ్చేసరికి ఊళ్ళో వెంట్రుకలు కరువైపోయాయి. ఎప్పటికప్పుడు కోస్తుంటే పెరగడానికి వ్యవధి ఏదీ? ఐదో మెట్టుగా దిగుబడి పెంపు ఉద్యమం వచ్చింది. గుంటగలగరాకు నూనె డబ్బాలు జీపులో దిగాయి. మగవాళ్ళంతా ఉదయం అరగంట తలలు ఎండబెట్టాలి, సాయంత్రం తడపాలి. మా పక్కింటాయన ఆ నూనె ఒలికిన గోనెసంచి మీద కూర్చుంటే సంచికి వెంట్రుకలు మొలిచాయి గాని ఆయనకి మొలవలేదు. ఆ సంచిని కూడా కత్తిరించి లెక్కలో చూపిద్దామని గవరమ్మ అంటే, మానవ శిరస్సులు మాత్రమే అర్హమైనవని శశిభూషణ్ విచారంగా చెప్పాడు.

* * *

దసరా వెళ్ళింది. రేపు డైరెక్టరు వస్తారనగా మంగళవారం ఉదయం శశిభూషణ్ లెక్క వేసుకుని నుదురు పట్టుకున్నాడు. లక్ష్యం ఇంకా చాలా దూరంలో ఉంది.

"ఒక్కటే మార్గం," అన్నాడు. "నిబంధనల్లో సంపూర్ణ శిరోముండనం మామూలు క్షౌరానికి మూడింతలుగా పరిగణించబడుతుంది. మీసం తీస్తే మరొకటి కలుస్తుంది. ఊరంతా గుండు చేయించుకుంటే సరిపోతుంది."

"ఇయ్యాల మంగళవారమండి," అన్నాడు ఏడుకొండలు. "ఎవరూ రారండి. ఆళ్ళని నేను అడగనండి. గది పోతే పోనివ్వండి." అని సన్నాయి సంచి మేకుమీంచి తీసి చంకలో పెట్టుకున్నాడు.

గవరమ్మ ఊరుకోలేదు. క్యారేజీ అక్కడే పెట్టి వీధిలోకి నడిచింది. ఆవిడ గొంతు ఊరి ఆ చివరిదాకా వినపడింది.

"ఏవండోయ్! మీ పెళ్ళిళ్ళకి ఊదిందెవరండీ? మీ పిల్లల పుట్టెంట్రుకలు తీసిందెవరండీ? మీ ఆయన మంచంలో ఉంటే ఇంటికొచ్చి గెడ్డం గీసిందెవరండీ? ఆయన మిమ్మల్ని అడగడంట, సిగ్గంట. నాకు సిగ్గు లేదు, నేను అడుగుతున్నాను!"

ముందు సర్పంచి గారు కండువా తీసి వచ్చి కుర్చీలో కూర్చున్నారు. ఆ తరవాత వరస పంచాయతీ ఆఫీసు దాటి, రేవు దాటి, సాగిపోయింది. మంగళవారం గోళ్ళయినా తీసుకోని వాళ్ళు మీసాలతో సహా అప్పజెప్పారు. ఏడుకొండలు ఒక్కొక్క తల తడుపుతుంటే గిన్నెలో నీళ్ళు ఎన్నో, వాడి కళ్ళలోవి ఎన్నో నాకు తెలియలేదు.

పొద్దువాలే వేళకి ఒక ఆటో కేకలు పెట్టుకుంటూ వచ్చి ఆగింది. అందులోంచి గడ్డిమోపు దూకింది. "ఆడపిల్ల!" అని అరిచాడు తాతారావు. "ఇద్దరూ బాగున్నారు! మా అత్త ఒప్పుకుంది, కానియ్యండి!" గోదాము ఖాళీ అయింది.

శశిభూషణ్ మళ్ళీ లెక్క చూశాడు. మొహం పాలిపోయింది. "ఒక్క గుండు తక్కువ."

అందరూ నా వైపు చూశారు. నేను తువ్వాలు తీసి చూపించాను. మళ్ళీ అందరూ శశిభూషణ్ వైపు తిరిగారు.

"నేను... నేను అధికారిని."

"మానవ శిరస్సే కదా బాబూ," అన్నాను.

ఆయన గెడ్డం రెండు చేతులా పట్టుకుని, నా చెవిలో అన్నాడు. "మా ఆవిడకి ఏడో నెలండీ. మా అత్తగారు ఆ పట్టింపులున్న మనిషి. బోడి మొహంతో వెళ్తే గుమ్మం తొక్కనివ్వదు."

"మూఢనమ్మకం బాబూ," అన్నాను నేను, ఆయన చెవిలోనే.

ఆయన డైరెక్టరు గారిని తలచుకున్నాడు, అత్తగారిని తలచుకున్నాడు. ఏడుకొండలు సన్నాయి సంచిని చూశాడు. ఏ ఆలోచన గెలిచిందో నాకు తెలియదు గాని, వెళ్ళి కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకున్నాడు.

* * *

బుధవారం పదింటికి డైరెక్టరు గారి కారు ఊళ్ళోకి వచ్చింది. ఆయన పూలదండలు ఊహించుకుంటూ అద్దం దించారు. రోడ్డుకి రెండువైపులా బోడిగుండ్లు. సర్పంచి గుండు, గుమాస్తా గుండు, ఆటోవాడి గుండు. మీసమన్నది ఎక్కడా లేదు. స్వాగతానికి ఏడుకొండలుని సన్నాయి ఊదమన్నారు. ముందురోజు తలలన్నీ గీసిన చేతుల్లో సత్తువేదీ? గొట్టంలో మళ్ళీ చేరిన సాలీడుని బయటికి పంపి, నోటికొచ్చింది ఊదాడు. వచ్చింది ముఖారి. వాళ్ళ నాన్న పోయిన నాడు ఊదాడు దాన్ని, మళ్ళీ ఇదే. విన్నవాళ్ళకి కళ్ళు చెమర్చాయి. రోడ్డు పక్క గేదె మేత మానేసింది.

డైరెక్టరు గారు కారు దిగి, కళ్ళజోడు తీశారు. గొంతు తగ్గించి నన్ను అడిగారు.

"ఎవరు పోయారు?"

నేను అబద్ధం ఆడే మనిషిని కాను. "ఊరు ఊరంతా తల గొరిగించుకుందంటే, ఎంతటి పెద్దదిక్కు పోయి ఉండాలో తమరే ఊహించుకోవాలి బాబూ," అన్నాను. సన్నాయి మీద నాకున్న గౌరవం కొద్దీ అన్నాను.

ఆయన తల వంచుకున్నారు. పక్కనే నున్నటి గుండుతో నిలబడ్డ శశిభూషణ్‌ని గుర్తుపట్టడానికి కొంతసేపు పట్టింది. పట్టాక భుజం మీద చెయ్యి వేశారు. "ప్రజల శోకంలో శిరస్సుతో సహా భాగస్వామి అయిన అధికారిని నా సర్వీసులో ఇదే చూడడం," అన్నారు.

"సార్, లక్ష్యం పూర్తి..." అని మొదలెట్టాడు శశిభూషణ్.

"ఇప్పుడా మాటలు వద్దు. మానవత్వం ముందు." అని అక్కడికక్కడే కారు బానెట్ మీద కాగితం పెట్టి ఆజ్ఞ రాయించారు. శోకగ్రస్త గ్రామంలో వృద్ధి లక్ష్యాలు అడగడం భావ్యం కాదు కనక, ఈ గ్రామంలో శోకసూచకమైన ముండిత శిరస్సు ఒక్కటైనా కనిపించినంత కాలం సిరిసోపానం అమలు నిలిపివేయడమైనది, ఎవరి గదులు వారికే యథాతథంగా ఉంచడమైనది.

ఆ మాట చదవగానే గవరమ్మ నా తల వంక చూసి, అయ్యో అన్నట్టు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నిజానికి నవ్వాపుకుంటోంది.

శశిభూషణ్‌కి ఆ నెలలోనే పదోన్నతి వచ్చింది. అత్తగారి ఇంటికి మాత్రం పోలేక, జుట్టు మళ్ళీ చెవులదాకా దిగేంతవరకూ సెలవు పెట్టి మా సెలూన్లో బల్లమీద నా పక్కనే కూర్చున్నాడు. మధ్యాహ్నాలు సన్నాయి విన్నాడు. కొత్త హోదాకి ఏదో కాగితం నింపమని వచ్చింది. అయిదేళ్ళ తరవాత ఎక్కడ ఉండదలిచారు అని ఉందట అందులో. చాలాసేపు కలం పట్టుకుని కూర్చుని, సన్నాయి ఆగాక, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఇప్పుడు ఊళ్ళో అందరికీ జుట్టు వచ్చేసింది. తాతారావు మీసం మెలితిప్పుతున్నాడు. ఆసియా వాడు ఆగలేక అప్పుడప్పుడు ఆఫీసుకి అర్జీ పెడుతుంటాడు, ఆఫీసు ఒక మనిషిని తనిఖీకి పంపుతుంటుంది. జీపు చప్పుడు వినగానే గవరమ్మ కుర్చీ తెచ్చి గుమ్మంలో వేస్తుంది. నేను తువ్వాలు తీసి కూర్చుంటాను. వచ్చినవాడు నా తల చూసి, చేతులు జోడించి, వెనక్కి తిరుగుతాడు.

నా మనవడెవడో పట్నం నుంచి జుట్టు మొలిపించే మందు సీసా పంపితే ఏడుకొండలు దాన్ని లాక్కుని కాలవలో పారేశాడు. అప్పటినుంచి రోజూ పొద్దుటే నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, భూతద్దం పెట్టి నడినెత్తి నుంచి చెవులదాకా పొలంలో కలుపు వెతికినట్టు వెతుకుతాడు.

"ఏమైనా ఉందేమిటోయ్?"

"బంజరేనండి బాబాయిగారండీ. సుబ్బరంగా ఉంది," అంటాడు తృప్తిగా.

ఆ తరవాత భోంచేసి వచ్చి, మేకుమీంచి సంచి దించుతాడు.